జీవనోపాధికి బాట వేసిన దుర్గాబాయి

స్వాతంత్ర్యం సిద్ధించిన తొలి దశకంలో మన ప్రభుత్వానికి ఒక వింత చిక్కు ఎదురైంది. లోకంలో సాధారణంగా కొలువులు కొద్ది, కోరేవారు కోకొల్లలు. పల్లెటూళ్ళలో స్త్రీల కోసం ఏర్పడిన ఉద్యోగాల విషయంలో మాత్రం కథ తలక్రిందులైంది. 1952 అక్టోబరు 2న ఆరంభమైన సమాజాభివృద్ధి పథకం ఊరూరికీ విస్తరిస్తున్నకొద్దీ గ్రామసేవికలు, ఉపాధ్యాయినులు, నర్సులు, శిక్షణ పొందిన మంత్రసానులు వేలసంఖ్యలో కావలసి వచ్చారు. కొలువులు కాగితం మీద సిద్ధంగా ఉన్నాయి. జీతానికి పద్దు ఉంది. చేరేందుకు అర్హతగల స్త్రీలు మాత్రం లేరు. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చదవను వ్రాయను వచ్చిన స్త్రీలు నూటికి తొమ్మిదిమంది లోపే. అందులోనూ ఉన్నత పాఠశాల చదువు ముగించినవారు పట్టణాలలో ఉండేవారు. వారు రోడ్డూ, దీపమూ, తోడూ లేని పల్లెకు వెళ్ళి ఒంటరిగా కాపురముండడానికి ఇష్టపడేవారు కారు. ఇష్టపడినా ఇంటివారు పంపేవారు కారు.

ఇక పల్లెలలో ఏ వీధిలో చూసినా చిన్ననాడే చదువు మానిపించిన ఆడపిల్లలు, బాల్యవివాహం పాలబడి భర్తను కోల్పోయినవారు, భర్త విడిచిపెట్టగా పుట్టింటి పంచను చేరినవారు ఎందరో ఉండేవారు. వారికి ఊరు తెలుసు, ఊరి కష్టం తెలుసు. పని చేయాలనే కోరికా, చేయక తప్పని అవసరమూ రెండూ ఉన్నాయి. లేనిదల్లా పరీక్ష ప్యాసైనట్లు చూపే ఒక కాగితం. ఇటు ఉద్యోగం, అటు మనిషి, నడుమ దాటరాని అగడ్త. ఆ అగడ్త మీద వంతెన కట్టవచ్చునని ప్రభుత్వం చేత ఒప్పించిన తెలుగువనిత దుర్గాబాయి దేశ్‌ముఖ్. వంతెన కొలతలు ఆమె ఏ పుస్తకంలోనూ చూసి నేర్చుకోలేదు. ఆ అగడ్తను ఆమె తానే ఒకప్పుడు ఈది గట్టెక్కారు.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమహేంద్రవరంలో జన్మించారు. తల్లి కృష్ణవేణమ్మ, తండ్రి రామారావు. ఊరిలో అంటువ్యాధులు ప్రబలినప్పుడు అందరూ తలుపులు మూసుకొంటే, ఆ తండ్రి రోగుల ఇండ్లకు వెళ్ళి సేవ చేసేవారు. పిల్లలు అది చూస్తూ పెరిగారు. ఇంతటి ఉదారుడు కూడా లోకాచారానికి తలవంచి, ఎనిమిదేండ్ల కూతురిని సంపన్నుల కుటుంబానికి చెందిన సుబ్బారావు అనే యువకునికిచ్చి వివాహం జరిపించారు. పెండ్లి అంటే ఏమిటో తెలియని వయస్సు అది.

బడిలో ఆంగ్లం తప్పనిసరి బోధనాభాష కావడం నచ్చక, సుమారు పన్నెండేండ్ల ప్రాయంలో ఆ బాలిక చదువు మానివేసింది. జాతీయోద్యమం ఉప్పెనలా పొంగుతున్న రోజులవి. ఇరుగుపొరుగున ఉన్న ఒక ఉపాధ్యాయుని వద్ద హిందీ నేర్చుకొని, తాను నేర్చినదానిని ఇతరులకు నేర్పడానికి బాలికల కోసం ఒక హిందీ పాఠశాలను తెరిచింది. తన కంటె పెద్దవారైన స్త్రీలు వచ్చి ఆమె ఎదుట కూర్చుని అక్షరాలు దిద్దేవారు. కన్నతల్లి కృష్ణవేణమ్మ సైతం కూతురి వద్ద హిందీ నేర్చి, ఆ పాఠశాలలోనే బోధనకు తోడ్పడింది. పెద్ద వయస్సులో చదువు అబ్బదనే మాట అబద్ధమని దుర్గ మొదటిసారి తెలుసుకొన్నది ఆ బడిలోనే.

1921 ఏప్రిల్‌లో గాంధీజీ కాకినాడకు వచ్చారు. ఆయన దేవదాసీలతోనూ, ఘోషా పాటించే ముస్లిం స్త్రీలతోనూ మాట్లాడితే వారి బ్రతుకులలో మార్పు రాగలదని దుర్గ ఆశించింది. కార్యక్రమ నిర్వాహకులు నిధి కోసం అయిదువేల రూపాయలు సమకూర్చితే కొద్ది నిమిషాల వ్యవధి ఇప్పిస్తామన్నారు. చిన్నపిల్ల అంతసొమ్ము తేలేదులే అని వారు భావించి ఉండవచ్చు. ఆ పిల్ల దేవదాసీల వద్దకే వెళ్ళింది. లోకం చిన్నచూపు చూసిన ఆ స్త్రీలే సొమ్ము పోగుచేసి ఇచ్చారు. సభ జరిగింది. కొద్ది నిమిషాలనుకొన్నది చాలసేపు సాగింది. అనంతరం జరిగిన బహిరంగసభలో గాంధీజీ హిందీ ప్రసంగాన్ని తెలుగులోకి అనువదించే పని ఆ బాలికకే దక్కింది. చేతి గాజులు నిధికి అర్పించి, విదేశీ వస్త్రాలను మంటపాలు చేసి, నాటి నుండి ఆమె ఖద్దరు ధరించింది.

రెండేండ్ల తరువాత, 1923లో, కాకినాడలోనే అఖిలభారత కాంగ్రెసు మహాసభ జరిగింది. అక్కడి ఖాదీ ప్రదర్శనశాల ద్వారం వద్ద దుర్గ స్వచ్ఛందసేవికగా నిలిచింది. టిక్కెట్టు లేనివారిని లోనికి పంపరాదని ఆమెకు ఆజ్ఞ. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. ఆయన వద్ద టిక్కెట్టు లేదు. ఆమె అడ్డగించింది. నిర్వాహకులు పరుగున వచ్చి మందలించినా చలించలేదు. చివరకు వారే టిక్కెట్టు కొని ఇచ్చాక నెహ్రూ లోనికి వెళ్ళారు. తెలుగుదేశంలో ఈ ఉదంతం తెలియనివారు తక్కువ. ఆ బాలిక పేరును నెహ్రూ మరువలేదని తరువాతి చరిత్ర చెబుతుంది.

పదిహేనేండ్లు నిండేసరికి ఆమె తన వివాహాన్ని గూర్చి ఆలోచించగలిగింది. కాపురానికి వెళ్ళడం తన మార్గం కాదని నిశ్చయించుకొని, ఆ మాట తండ్రికీ, అన్యాయం జరుగకూడదని భర్తకూ స్పష్టంగా తెలిపింది. ఆయన వేరొక వివాహం చేసుకోవడానికి తనకు అభ్యంతరం లేదన్నది. ఆనాటి సమాజంలో ఇది సామాన్యమైన సాహసం కాదు. తండ్రీ సోదరుడూ ఆమె పక్షాన నిలిచారు. సుబ్బారావు మరొక స్త్రీని వివాహమాడాడు. ఆ స్త్రీ ప్రసక్తి ఈ కథలో మళ్ళీ వస్తుంది.

1930లో ఉప్పు సత్యాగ్రహం మొదలైనప్పుడు దుర్గాబాయి మదరాసులో ముందువరుసన నిలిచి అరెస్టయ్యారు. 1933 నాటికి మూడు పర్యాయాలు కారాగారవాసం అనుభవించారు. వెల్లూరు జైలు, అటుపై మధుర జైలు. మధురలో ఏకాంతశిక్ష ఆమె ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. అయితే ఆ గోడల నడుమనే ఆమె మరొక లోకాన్ని చూశారు. హత్యానేరాల మీద శిక్షపడిన స్త్రీలలో పలువురికి తమ మీద మోపిన నేరమేమిటో, న్యాయస్థానంలో ఏం జరిగిందో సరిగా తెలియదు. చదువు లేదు, వాదించేవారు లేరు, బయట ఆదరించేవారు లేరు. వారిని గూర్చి తపించిన దుర్గాబాయి, విడుదలైన తరువాత న్యాయశాస్త్రం చదవాలని సంకల్పించారు.

సంకల్పం గొప్పదే. చేతిలో ఉన్న అర్హత మాత్రం ఏ పాటిది? ప్రాథమిక స్థాయిలో ఆగిన చదువు. వయస్సు ఇరవై నాలుగు. న్యాయశాస్త్రం దాకా వెళ్ళాలంటే ముందు మెట్రిక్యులేషన్, ఆపై ఇంటర్మీడియట్, ఆపై పట్టభద్రత. చిన్నపిల్లల నడుమ బల్ల మీద కూర్చుని ఒక్కొక్క తరగతే ఎక్కుతూ పోతే జీవితంలో సగం కాలం గడిచిపోతుంది. కాశీ హిందూ విశ్వవిద్యాలయం ప్రైవేటుగా మెట్రిక్యులేషన్ పరీక్ష వ్రాసే వీలు కల్పించేది. దుర్గాబాయి ఇంటివద్దనే పట్టుదలతో పాఠాలు చదివి ఆ పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. ఏ ఆంగ్లభాషను తిరస్కరించి బడి మానారో ఆ భాషనే ఇప్పుడు కష్టించి నేర్చుకొన్నారు. ఏండ్లకొలదీ సాగే పాఠశాల విద్యను, ఎదిగిన మనస్సు కొద్దికాలంలోనే అందుకోగలదనడానికి తన అనుభవమే ఆమెకు సాక్ష్యం. ఈ ఒక్క విషయం మనసులో ఉంచుకొంటే, తరువాత ఆమె తలపెట్టిన పనులన్నీ సుబోధకమవుతాయి.

ఇంటర్మీడియట్ అయిన తరువాత రాజనీతిశాస్త్రం చదవాలని ఆమె కోరిక. కాశీలో స్త్రీలకు ఆ శాస్త్రం చదివే అవకాశం దొరకలేదు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తును ఆశ్రయించారు. అప్పటి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి. విద్యార్థినులకు వసతిగృహం లేనందున చేర్చుకోవడం సాధ్యం కాదనే అడ్డంకి ఎదురైంది. దుర్గాబాయి వెనుదిరుగలేదు. వసతి లేక చదువు ఆగిపోయిన ఆడపిల్లలెవరైనా ఉంటే తనను సంప్రదించవలసిందిగా పత్రికలో ప్రకటన వేయించారు. కొందరు యువతులు ముందుకు వచ్చారు. వారందరూ కలిసి ఒక వసతిగృహాన్ని తామే ఏర్పాటు చేసుకొన్నారు. ఇక కాదనడానికి కారణం మిగలలేదు. ఒక్కరికి తలుపు తెరవమని ప్రాధేయపడడం కంటె, పదిమందిని కూడగట్టి తలుపు తెరుచుకొనేటట్లు చేయడం ఆమె పద్ధతి. ప్రభుత్వంలో ఉన్నతపదవి చేపట్టినప్పుడు సైతం ఆమె ఇదే పద్ధతిని పాటించారు. 1939లో బి.ఏ. ఆనర్సు పట్టం, తరువాత మదరాసులో న్యాయశాస్త్రపట్టం పొంది, 1942లో న్యాయవాదిగా నమోదయ్యారు.

ఆంధ్ర మహిళాసభ జననం ఈ విద్యార్థిదశలోనే జరిగింది. మదరాసు మైలాపూరులో చిన్నపిల్లల కోసం నెలకొల్పిన ఒక సంఘం నుండి 1937లో ఆ సభ రూపుదిద్దుకొన్నది. మొదట్లో దానికి భవనం లేదు, నిధి లేదు. ఆటపాటలు, కుట్టుపని, హిందీ తరగతులు. క్రమంగా గృహిణులు, వితంతువులు, పోషణలేని యువతులు రాసాగారు. వారిని దగ్గరగా చూసిన దుర్గాబాయికి ఒక సంగతి అర్థమైంది. కుట్టుపని నేర్పితే కాలక్షేపమవుతుంది, కొంత రాబడీ వస్తుంది. కాని నర్సు శిక్షణకో, ఉపాధ్యాయ శిక్షణకో వెళ్ళాలంటే మెట్రిక్యులేషన్ కావాలి. ఆ మెట్టు ఎక్కనిదే ఏ శిక్షణాలయపు గడపా దాటనివ్వరు. వృత్తివిద్యకు ముందు సాధారణ విద్య అనే ద్వారం ఉన్నదన్నమాట. వృత్తివిద్యను గూర్చి ప్రసంగించేవారు తరచుగా మరచిపోయే విషయమిది.

తాను నడచిన దారిలోనే వారినీ నడిపించాలని దుర్గాబాయి నిర్ణయించారు. రెండేండ్ల కాలంలో కాశీ మెట్రిక్యులేషన్ పరీక్షకు సిద్ధపరిచే తరగతులను సభలో ఆరంభించారు. ఎదిగిన స్త్రీకి పాలలెక్క, బియ్యంలెక్క ఇంట్లో తెలిసినవే. ఆ తెలిసినదానినుండి గణితానికి తీసుకుపోవచ్చు. రామాయణ భారతాలు చెవులారా విన్నవారికి తెలుగు వాచకం కొత్తకాదు. ఏ పాఠం ఎంతవరకు అవసరమో అంతవరకే, పరీక్షకు కావలసిన క్రమంలో చెబితే, చిన్నపిల్లలు ఏడెనిమిది తరగతులలో నేర్చేదానిని వీరు రెండేండ్లలో అందుకొన్నారు. పగలు న్యాయస్థానంలో వాదనలు ముగించుకొని దుర్గాబాయి సభాకార్యక్రమాలను స్వయంగా పర్యవేక్షించేవారు. ఆంధ్రమహిళ అనే పత్రికను కూడా సభ పక్షాన నడిపారు. పరీక్షలు ప్యాసైనవారిలో కొందరు నర్సు శిక్షణకూ, కొందరు ఉపాధ్యాయ శిక్షణకూ వెళ్ళారు. కాలక్రమేణ సభకు అనుబంధంగా ఆసుపత్రి ఏర్పడి, అక్కడే నర్సులకూ మంత్రసానులకూ శిక్షణ ఇచ్చే సదుపాయం కలిగింది.

సుబ్బారావు మరణించిన తరువాత ఆయన భార్య నిరాధార అయింది. అత్తవారింట ఆదరణ లేదు. దుర్గాబాయి ఆమెను చేరదీశారు. చేతిపనులలో శిక్షణ ఇప్పించి, తన కాళ్ళమీద తాను నిలబడగల ఉపాధి కల్పించారు. ఆ ఇద్దరు స్త్రీల నడుమ ఉన్న సంబంధానికి మన భాషలో ఉన్న పేరు సవతి. ఆ పేరుతో మన కథలలో వినిపించే భావానికీ, ఇక్కడ జరిగినదానికీ ఎక్కడా పొత్తు కుదరదు.

1946లో దుర్గాబాయి రాజ్యాంగసభకు ఎన్నికయ్యారు. ఆ సభలో అధ్యక్షస్థానం నిర్వహించే సభ్యుల జాబితాలో ఉన్న ఏకైక మహిళ ఆమెయే. చర్చలలో ఆమె పాల్గొన్న తీరు ఒక ప్రత్యేక వ్యాసానికి తగినంత విషయం. 1952 తొలి సార్వత్రిక ఎన్నికలలో మాత్రం ఆమె ఓడిపోయారు. ఆ ఓటమి మేలే చేసిందనిపిస్తుంది. అదే సంవత్సరం నెహ్రూ ఆమెను ప్రణాళికాసంఘ సభ్యురాలిగా నియమించి, సాంఘిక సేవారంగాన్ని అప్పగించారు. కాకినాడలో టిక్కెట్టు అడిగిన సేవిక, దేశం ప్రతి రూపాయినీ ఎక్కడ ఖర్చుచేయాలో నిర్ణయించే బల్ల ముందు కూర్చున్నారు.

అదే బల్ల వద్ద కేంద్ర ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్‌తో పరిచయం స్నేహమై, 1953 జనవరి 22న వారి వివాహం జరిగింది. ఆయన రిజర్వు బ్యాంకుకు గవర్నరుగా పనిచేసిన తొలి భారతీయుడు. పెండ్లికి నెహ్రూ సాక్షిగా సంతకం చేశారు. డబ్బు లెక్కచూసే ఆయనకూ, డబ్బు లేనివారి లెక్కచూసే ఆమెకూ జోడు కుదిరింది.

స్త్రీల, శిశువుల, వికలాంగుల సంక్షేమం కోసం అప్పటికే దేశంలో వందలాది స్వచ్ఛందసంస్థలు పనిచేస్తున్నాయి. వాటికి అనుభవముంది, ధనం లేదు. ప్రభుత్వానికి ధనముంది, వీధి చివరి ఇంటిదాకా వెళ్ళగల మనిషి లేడు. రెంటినీ కలపడానికి మొదటి పంచవర్ష ప్రణాళికలో నాలుగుకోట్ల రూపాయలు కేటాయింపజేసి, 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడేటట్లు దుర్గాబాయి కృషి చేశారు. దానికి తొలి అధ్యక్షురాలు ఆమెయే. రాష్ట్రాలలోనూ బోర్డులు వెలిశాయి. వాటిలో స్త్రీలే అధికసంఖ్యాకులు. 1954 నుండి గ్రామాల సమూహాలను ఎంపికచేసి బాలవాడి, ప్రసూతిసేవ, వయోజనస్త్రీల అక్షరాస్యత, చేతిపనుల కేంద్రాలు నడిపే విస్తరణ పథకాలు ఆరంభమయ్యాయి. ప్రతి కేంద్రానికీ గ్రామసేవిక కావాలి, దాది కావాలి, చేతిపని నేర్పే శిక్షకురాలు కావాలి.

ఈ కథ మొదట్లో చెప్పుకొన్న చిక్కు ఇక్కడే ఎదురైంది. పట్టణాలనుండి యువతులు రారు. వచ్చినా నిలవరు. పల్లెలోని స్త్రీకి అర్హత లేదు. అర్హతను తగ్గించివేయడం సులభమైన దారి. అక్షరాలు వస్తే చాలునని నియమం సడలిస్తే ఖాళీలు నిండుతాయి. అయితే తక్కువ చదువుతో చేరినవారు ఆ అడుగుమెట్టు మీదనే జీవితకాలం నిలిచిపోతారు, పై పదవులకు ఎన్నటికీ పోలేరు. దుర్గాబాయి ఆ సులభమార్గాన్ని ఎంచుకోలేదు. మనిషిని తక్కువ చేయకుండా, నియమాన్ని అందుకొనేటట్లు మనిషిని పెంచవచ్చునన్నది మదరాసులో ఆమె నేర్చిన పాఠం.

ఆ విధంగా 1958లో వయోజనస్త్రీలకు సంక్షిప్త విద్యాపథకం దేశవ్యాప్తంగా మొదలైంది. కండెన్స్‌డ్ కోర్సులని అందరూ వ్యవహరించిన తరగతులివే. కొద్దో గొప్పో చదివి ఆగిపోయిన స్త్రీలను, రెండేండ్లలో మిడిల్ స్కూలు పరీక్షకో, మెట్రిక్యులేషన్ పరీక్షకో సిద్ధం చేయడం పథక స్వరూపం. తరగతులను నడిపేది స్థానిక స్వచ్ఛందసంస్థ. ఖర్చు భరించేది బోర్డు. దూరపు ఊళ్ళనుండి వచ్చేవారికి వసతి, భోజనం ఏర్పాటు చేసే కేంద్రాలుండేవి. ఈ వసతి అనే అంశాన్ని తేలికగా తీసుకోరాదు. ఇంట్లో ఉండి చదువుకొమ్మంటే వంటా, నీళ్ళూ, పిల్లలూ, పశువులూ పుస్తకాన్ని తెరవనీయవు. రెండేండ్లపాటు చాకిరీ నుండి విడుదల ఇవ్వకుండా చదువు చెప్పడం వృథాశ్రమ.

ఇంతకూ ఆ తరగతులలో కూర్చున్నవారెవరు? ఏ ఊరి కేంద్రాన్ని తలచుకొన్నా ఇలాంటి ముఖాలే కనిపిస్తాయి. చిన్ననాడే పసుపుకుంకుమలు పోగొట్టుకొని అన్నగారింట వంటమనిషిగా మారిన చెల్లెలు. కూతురిని అమ్మమ్మ వద్ద వదలిపెట్టి వచ్చిన తల్లి. కట్నం ఇవ్వలేక పెండ్లి ఆగిపోయిన పెద్దపిల్ల. పలక మీద లెక్క తప్పితే సిగ్గుతో కొంగు నోటికి అడ్డంపెట్టుకొన్నవారు, రెండేండ్లు గడిచేసరికి పరీక్షాభవనంలో తమ కూతుళ్ళ వయస్సు పిల్లల పక్కన కూర్చుని వ్రాశారు. ప్యాసైనవారికి గ్రామసేవిక శిక్షణకో, బాలసేవిక శిక్షణకో, నర్సు శిక్షణకో దారి తెరుచుకొన్నది. శిక్షణ ముగించి వారు వెళ్ళినది తమ ప్రాంతంలోని పల్లెలకే. స్థానికులకు స్థానికంగా ఉపాధి అనే విధానానికి, ఆ మాట వాడుకలోకి రాకముందే ఏర్పడిన రూపమిది.

బోర్డు ఆ రోజులలోనే మరొక పథకాన్ని కూడా చేపట్టింది. చదువుకొనే ఓపికగాని వయస్సుగాని లేనివారికి నేరుగా పని కల్పించే ఉత్పత్తికేంద్రాలకు సహాయం చేయడం దాని లక్ష్యం. అగ్గిపెట్టెల తయారీ, చేనేత, కుట్టుపని, బొమ్మల తయారీ వంటివి ఆ కేంద్రాలలో సాగేవి. పథకం ఆశయం ఉత్తమమైనదే అయినా ఫలితం అన్నిచోట్లా ఒక్కటి కాలేదని చెప్పక తప్పదు. సరుకు తయారుచేయడం ఒక ఎత్తు, దానిని అమ్మడం మరొక ఎత్తు. యంత్రాల మీద తయారైన వస్తువుతో చేతిపని పోటీపడలేక కొన్ని కేంద్రాలు నిధి ఉన్నంతకాలం నడిచి, తరువాత మూతబడ్డాయి. స్త్రీలకు వృత్తిశిక్షణ అనగానే కుట్టుమిషను కొనిపెట్టడమే పరమార్థమని భావించే అలవాటు కూడా అప్పుడే పాతుకొన్నది. ఊరంతా దర్జీలైతే గుడ్డ ఇచ్చేవారెవరని అడిగినవారు తక్కువ. సంక్షిప్త విద్యాపథకానికి ఈ దోషం అంతగా అంటలేదు. అది ఒక వస్తువు తయారీని నేర్పి ఊరుకోలేదు. ఏ వృత్తికైనా అర్హత సంపాదించే శక్తిని చేతికిచ్చింది. అయితే ఆ తరగతులు నడిపే సంస్థ దక్షతను బట్టే ఫలితాలుండేవి. శ్రద్ధగల సంస్థ ఉన్నచోట పథకం వెలిగింది. లేనిచోట హాజరుపట్టీ మాత్రమే మిగిలింది.

1958లో కేంద్రప్రభుత్వం దుర్గాబాయి అధ్యక్షతన జాతీయ స్త్రీవిద్యా సంఘాన్ని నియమించింది. 1959లో ఆ సంఘం నివేదిక సమర్పించింది. స్త్రీ పురుషుల విద్య నడుమ ఉన్న అంతరాన్ని తొలగించడం దేశానికి ప్రత్యేక సమస్యగా భావించాలనీ, అందుకు ప్రత్యేకమైన యంత్రాంగమూ నిధులూ కావాలనీ ఆ నివేదిక సారాంశం. వయోజనస్త్రీల సంక్షిప్త విద్యను విస్తరింపజేయాలన్న సూచన అందులో చోటుచేసుకొన్నది. దాని ఫలితంగా జాతీయ స్త్రీవిద్యా మండలి ఏర్పడగా, దానికి తొలి అధ్యక్షురాలు కూడా ఆమెయే అయ్యారు. సంఘాల నివేదికలు చాలవరకు బీరువాలలో నిద్రిస్తాయి. ఇది కొంతమేరకైనా మేలుకొని ఉన్నదంటే, దానిని వ్రాసినవారు అంతకుముందే ఇరవై ఏండ్లుగా ఆ పనిని చేసి చూపినవారు కావడమే కారణం.

1962లో బోర్డు బాధ్యతల నుండి వైదొలగి, అదే సంవత్సరం ఢిల్లీలో సాంఘికాభివృద్ధి మండలిని స్థాపించారు. భారతదేశంలో సాంఘికసేవను గూర్చిన విజ్ఞానసర్వస్వం ఆమె పర్యవేక్షణలో 1968లో వెలువడింది. ఆపై ఆమె దృష్టి మళ్ళీ తెలుగునేల మీదికి మళ్ళింది. హైదరాబాదులో ఆంధ్ర మహిళాసభ శాఖ విస్తరించి, మహిళా కళాశాల, ఉపాధ్యాయ శిక్షణ కళాశాల, ఆసుపత్రి, వయోజనుల కోసం సాక్షరతాభవనం అనే సంస్థలుగా ఎదిగింది. 1971లో ఆమెకు నెహ్రూ అక్షరాస్యతా పురస్కారం లభించింది. 1975లో భారతప్రభుత్వం పద్మవిభూషణ్ బిరుదుతో సత్కరించింది. అదే సంవత్సరం చింతామణ్ దేశ్‌ముఖ్‌కు కూడా పద్మవిభూషణ్ లభించింది.

చివరి సంవత్సరాలు దంపతులిద్దరూ హైదరాబాదులో మహిళాసభ సంస్థల నీడనే గడిపారు. సభ చరిత్రను ఒక గ్రంథంగానూ, తమ ఇరువురి జీవితాన్ని మరొక గ్రంథంగానూ దుర్గాబాయి ఆంగ్లంలో వ్రాశారు. పన్నెండేండ్ల వయస్సులో తాను ఏ భాష కారణంగా బడి విడిచారో ఆ భాషలోనే తన కథను లోకానికి చెప్పుకొన్నారు. 1981 మే 9న ఆమె పరమపదించారు. మరుసటి సంవత్సరం అక్టోబరు 2న చింతామణ్ దేశ్‌ముఖ్ కూడా హైదరాబాదులో కన్నుమూశారు.